గీయడానికి ఒక ఫార్మాట్, దిద్దడానికి ఒక ఫార్మాట్: వెక్టర్ చిత్రాల ఫైళ్ల రూపకల్పనపై విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

వెక్టర్ చిత్రాన్ని భద్రపరిచే ఫైల్ రెండు వేర్వేరు అవసరాలను తీర్చవలసి ఉంటుంది. తెర మీదా కాగితం మీదా చిత్రాన్ని త్వరగా, తేడా రాకుండా గీయించడం ఒకటి. చిత్రకారుడు మళ్లీ తెరిచి మార్చుకునేందుకు వీలుగా అతని నిర్ణయాలను నిలిపి ఉంచడం మరొకటి. పోస్ట్‌స్క్రిప్ట్ నుంచి ఎస్‌వీజీ వరకు వచ్చిన ప్రధాన ఫార్మాట్లు ఈ రెండింటినీ ఎక్కడ కలిపాయో, ఎక్కడ విడదీశాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒకే ఫైల్‌లో రెండూ ఉన్నప్పుడు ఏది మూలం, ఏది ఫలితం అన్నది ఫార్మాట్ చెప్పకపోవడమే అసలు లోపమని ప్రతిపాదిస్తుంది. జిల్లాల పటాలను, తెలుగు అక్షరాలున్న చిత్రాలను ఇందుకు ఉదాహరణలుగా తీసుకుంటుంది.

కీలకపదాలు: వెక్టర్ చిత్రం, ఫైల్ ఫార్మాట్, చిత్రణ, సవరణ, ఎస్‌వీజీ, ఇంక్‌స్కేప్, తెలుగు లిపి, యూనికోడ్

1. ఉపోద్ఘాతం

సంక్రాంతి రోజుల్లో పత్రికలు ముగ్గులు అచ్చువేసేటప్పుడు బొమ్మ పక్కన ఒక చిన్న మాట చేరుస్తాయి: సందు చుక్క, 15 నుంచి 8 వరకు. ముగ్గును చూసి ముచ్చటపడేవారికి ఆ మాటతో పని లేదు. వాకిట్లో వేయబోయేవారికి మాత్రం బొమ్మ ఎంత ముఖ్యమో ఆ మాటా అంతే ముఖ్యం. వాకిలి ఇరుకైతే 11 నుంచి 6కు తగ్గించుకోవాలన్నా, ఒక మూల తప్పితే సరిచేసుకోవాలన్నా ఆధారం చుక్కల లెక్కే. గీతలు పూర్తయ్యాక చుక్కలు వాటిలో కలిసిపోతాయి. ముగ్గు నిలుస్తుంది, లెక్క కనబడదు.

కంప్యూటర్‌లో వెక్టర్ చిత్రాలను దాచే ఫైళ్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది. ఛాయాచిత్రం వలె రంగు చుక్కల వరుసలుగా కాక గీతలు, వంపులు, ఆకారాలు, రంగులు అనే వర్ణనగా నిలిచేది వెక్టర్ చిత్రం. ఎంత పెద్దది చేసినా అంచులు చెదరవన్న గుణం వల్ల దీనికి ఆదరణ. ఆ గుణంతోపాటు మరొక నమ్మకం కూడా వ్యాపించింది: వెక్టర్ ఫైల్ చేతిలో ఉంటే చిత్రాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చునని. ఈ నమ్మకం సగమే నిజం. పెద్దది చేయడానికి గీతలు చాలు. మార్చడానికి ఆ గీతలు ఎలా వచ్చాయన్న సమాచారం కావాలి.

2. రెండు అవసరాల స్వభావం

ఒక వృత్తాన్ని తీసుకుందాం. చిత్రకారుడు కేంద్రం ఇక్కడ, వ్యాసార్ధం 50 అని నిర్ణయించాడు. పీడీఎఫ్ ఫార్మాట్‌లో వృత్తం అనే ఆజ్ఞ లేదు. అందువల్ల ఆ వృత్తం సాధారణంగా నాలుగు బెజియే వంపులుగా మారి ఫైల్‌లోకి చేరుతుంది. అలా గీసిన వృత్తానికీ అసలు వృత్తానికీ వ్యాసార్ధంలో తేడా గరిష్ఠంగా సుమారు 0.027 శాతం. ఏ కన్నూ దాన్ని పట్టుకోలేదు. చిత్రణ దృష్టితో చూస్తే ఇది చక్కని పరిష్కారం. సవరణ దృష్టితో చూస్తే వృత్తం పోయి, వృత్తంలా కనిపించే నాలుగు ముక్కలు మిగిలాయి. వ్యాసార్ధాన్ని 60 చేయాలంటే, అది వృత్తమేనని మనిషో సాఫ్ట్‌వేరో మళ్లీ ఊహించాలి.

మందంగల గీత విషయం ఇంకా కఠినం. మధ్యరేఖ, దానికి 4 మిల్లీమీటర్ల మందం అన్నది చిత్రకారుడి భావన. దాన్ని చుట్టుగీతగా మార్చితే రెండు అంచులు పుడతాయి. బెజియే వంపుకు సమాన దూరంలో నడిచే వంపు సాధారణంగా మరో బెజియే వంపు కాదు. కనుక ఆ అంచులు ఉజ్జాయింపులే అవుతాయి. అంచుల నుంచి మధ్యరేఖను కచ్చితంగా తిరిగి రాబట్టే దారి ఉండదు.

సంఖ్యలను కుదించడంలోనూ ఇదే వైరుధ్యం కనిపిస్తుంది. ఎస్‌వీజీ ఫైళ్లను చిన్నవి చేసే ఎస్‌వీజీఓ అనే ఉపకరణం మామూలుగా దశాంశ బిందువు తర్వాత మూడు అంకెలే ఉంచుతుంది. ఒక్కసారి గీసి చూపే చిత్రానికి అవి చాలు. రోజుకు పదిసార్లు తెరిచి, తిప్పి, సాగదీసి, దాచే చిత్రంలో మాత్రం ప్రతి కుదింపూ మునుపటి తప్పు మీద కొత్త తప్పును పేరుస్తుంది.

గీసే యంత్రానికి కావలసింది వరుస: మొదటి నుంచి చివరికి ఒక్కసారి చదువుతూ, వెనక్కి చూడకుండా, ఒకదాని మీద ఒకటి పూసుకుంటూ పోవడం. దిద్దేవారికి కావలసింది సంబంధాలు: ఈ ఆకారం ఆ పొరలో ఉంది, ఈ ఆకు ఆ మూల ఆకుకు నకలు, ఈ రెండు గీతలు ఎప్పుడూ సమాంతరంగా ఉండాలి. గీసేటప్పుడు ఎన్నడూ కనిపించని సమాచారం కూడా దిద్దేవారికి అమూల్యం. దాచి ఉంచిన పొరలు, మార్గదర్శక రేఖలు, వదిలేసిన ప్రయత్నాలు అటువంటివే. చిత్రణ ఫార్మాట్‌లో బరువనిపించేవన్నీ సవరణ ఫార్మాట్‌లో సరుకే.

3. పోస్ట్‌స్క్రిప్ట్, ఇలస్ట్రేటర్: అచ్చుయంత్రం కోసం పుట్టిన భాష

చరిత్రను చూస్తే సవరణ భావన వెనుకబడినది కాదు. ఇవాన్ సదర్లాండ్ 1963లో ఎంఐటీలో సమర్పించిన సిద్ధాంతవ్యాసానికి ఆధారమైన స్కెచ్‌ప్యాడ్‌లో, రెండు గీతలు సమాంతరంగా ఉండాలని చెబితే ఆ షరతే దత్తాంశంగా నిలిచేది. ఒక మూలచిత్రాన్ని మార్చితే దాని నకళ్లన్నీ మారేవి. అంటే గీతకన్నా గీతల మధ్య సంబంధానికి అక్కడ పెద్దపీట.

ఆ తర్వాత మార్కెట్‌ను నడిపినది మాత్రం అచ్చుయంత్రం. అడోబీ సంస్థ 1984లో వెలువరించిన పోస్ట్‌స్క్రిప్ట్ పుటను వర్ణించే ఒక సంపూర్ణ ప్రోగ్రామింగ్ భాష. 1985లో వచ్చిన ఆపిల్ లేజర్‌రైటర్ దానికి ప్రాచుర్యం తెచ్చింది. ప్రోగ్రాం కనుక దానిలో ఆవృత్తులు, షరతులు ఉండవచ్చు. అందుచేత పోస్ట్‌స్క్రిప్ట్ ఫైల్‌లో ఏముందో తెలుసుకోవాలంటే దాన్ని నడిపి చూడవలసిందే. గీయడానికి ఎంత శక్తిమంతమో, దిద్దడానికి అంత మొండి.

1987లో వచ్చిన ఇలస్ట్రేటర్ ఈ ఇబ్బందిని తెలివిగా దాటింది. దాని ఫైల్ పోస్ట్‌స్క్రిప్టే, కానీ కట్టుబాట్లు పెట్టుకున్న పోస్ట్‌స్క్రిప్ట్. ముందుభాగంలో కొన్ని నిర్వచనాలు, తర్వాత ఆ నిర్వచనాలను మాత్రమే వాడే పొట్టి ఆజ్ఞలు. అచ్చుయంత్రానికి అది ప్రోగ్రాం, ఇలస్ట్రేటర్‌కు అది జాబితా. ఇతరులు స్వేచ్ఛగా రాసిన పోస్ట్‌స్క్రిప్ట్‌ను ఆ తొలి ఇలస్ట్రేటర్ దిద్దలేకపోయేది. ఒకే అక్షరాల వరుసను ఇద్దరు పాఠకులు రెండు విధాలుగా చదువుకునే ఈ ఏర్పాటు మొత్తం ఫార్మాట్ల చరిత్రలోనే చక్కనిది. ఇందులో ఫలితానికీ మూలానికీ వేరు ప్రతులు లేవు కనుక వాటి మధ్య తగాదాకు చోటు లేదు.

చిత్రకళా సాధనాలు పెరిగేకొద్దీ ఆ సామరస్యం నిలవలేదు. 2000లో వచ్చిన తొమ్మిదో సంచిక నుంచి ఇలస్ట్రేటర్ ఫైల్ పీడీఎఫ్ ఆధారితమైంది. దానిలో అందరికీ కనిపించే పీడీఎఫ్ భాగం ఒకటి, ఇలస్ట్రేటర్ మాత్రమే చదువుకునే సొంత భాగం మరొకటి. పీడీఎఫ్ భాగం చేర్చకుండా దాచిన ఫైల్‌ను ఇతర సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే చిత్రం బదులు, ఇది పీడీఎఫ్ సమాచారం లేకుండా దాచిన ఫైల్ అన్న హెచ్చరిక కనిపిస్తుంది. పైకి ఒకే ఫైల్, లోపల రెండు చిత్రాలు. రెండూ ఒకే చిత్రమని పూచీ ఇచ్చేది దాన్ని రాసిన సాఫ్ట్‌వేర్ తప్ప ఫార్మాట్ కాదు.

4. ఎస్‌వీజీ: రెండు పడవల మీద కాళ్లు

వెబ్ కోసం వెక్టర్ చిత్రాల ప్రమాణం కావాలని 1998లో ప్రపంచవ్యాప్త వెబ్ కన్సార్టియం ముందుకు ప్రతిపాదనలు వచ్చాయి. అడోబీ పక్షాన పీజీఎంఎల్, మైక్రోసాఫ్ట్ పక్షాన వీఎంఎల్ వాటిలో ముఖ్యమైనవి. చివరికి రూపొందిన ఎస్‌వీజీ 1.0 2001 సెప్టెంబరులో ప్రమాణమైంది. మనిషి చదవగలిగిన ఎక్స్‌ఎంఎల్‌లో ఉండడం, వృత్తాన్ని వృత్తంగా, దీర్ఘచతురస్రాన్ని దీర్ఘచతురస్రంగా, అక్షరాన్ని అక్షరంగా ఉంచడం, ఒక ఆకారాన్ని పేరుతో పిలిచి మళ్లీ వాడుకోనివ్వడం దీని గొప్పతనం. ఇవన్నీ సవరణ వైపు వేసిన అడుగులు.

అయితే వంపుల గీతల దగ్గరికి వచ్చేసరికి ఎస్‌వీజీ అడుగు మారుతుంది. ఒక గీతలోని బిందువులన్నీ ఒకే లక్షణంలో, అంకెలూ అక్షరాలూ కలిసిన ఒకే పొడవాటి వరుసగా ఉంటాయి. ఫైల్ చిన్నదిగా ఉండి త్వరగా దిగుమతి కావాలన్నదే దీనికి కారణమని ప్రమాణపత్రమే చెబుతుంది. ఇది చిత్రణ వైపు తీసుకున్న నిర్ణయం. దాని ఫలితంగా ఏ బిందువుకూ సొంత గుర్తింపు లేదు. ఈ మలుపు నునుపైనది, ఈ మలుపు కోసుగా ఉండాలి అని ఒక బిందువు గురించి చెప్పేందుకు ప్రమాణంలో చోటు లేదు.

ఆ చోటును ఇంక్‌స్కేప్ ఎలా పూరించుకుందో చూడడం ఆసక్తికరం. 2003లో సోడిపోడి నుంచి చీలి వచ్చిన ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎస్‌వీజీనే తన సొంత ఫార్మాట్‌గా ఎంచుకుంది. ప్రమాణంలో లేని సంగతులను తన నామావరణంలో అదనపు లక్షణాలుగా రాస్తుంది. బిందువుల స్వభావాన్ని ఒక్కో బిందువుకు ఒక్కో అక్షరం చొప్పున పక్కనే మరో వరుసగా పెడుతుంది. వేరే ఉపకరణం గీతలో ఒక బిందువును తీసివేస్తే పక్క వరుసలో అక్షరాల లెక్క తప్పుతుంది. నక్షత్రాన్ని గీస్తే కేంద్రం, కోణాల సంఖ్య, రెండు వ్యాసార్ధాలు తన లక్షణాలలో ఉంచి, వాటి నుంచి లెక్కించిన గీతను ఎస్‌వీజీ లక్షణంలో ఉంచుతుంది. బ్రౌజర్ గీతను చూస్తుంది, ఇంక్‌స్కేప్ కోణాల సంఖ్యను చూస్తుంది. మరొక సాఫ్ట్‌వేర్ గీతను మాత్రమే సవరించి దాస్తే ఫైల్ రెండు నక్షత్రాలను చెబుతుంది.

ఇంక్‌స్కేప్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. తెలియని లక్షణాలను పక్కనపెట్టి మిగతా చిత్రాన్ని గీయమన్న ఎస్‌వీజీ నియమాన్ని ఇంతకన్నా సమర్థంగా వాడుకోవడం కష్టం. ఇలస్ట్రేటర్ పద్ధతి కంటే ఇది మేలు కూడా, ఎందుకంటే ఇక్కడ రెండు భాగాలూ చదవదగిన అక్షరాలలో పక్కపక్కనే ఉన్నాయి. లోపం ప్రమాణానిది. తెలియని సమాచారాన్ని వదిలేయవచ్చునని అది చెప్పింది. ఒకదాని నుంచి మరొకటి పుట్టినప్పుడు, పుట్టినదాన్ని మార్చితే మూలం ఏమవ్వాలో మాత్రం చెప్పలేదు.

పేరాగ్రాఫులను పెట్టెలో సర్దే వ్యవహారం మరో గుణపాఠం. ఎస్‌వీజీ 1.1లో అక్షరాలు వాటంతట అవి పంక్తులుగా విరగవు. 1.2 ముసాయిదా ఆ సౌకర్యాన్ని ప్రతిపాదించింది, ఇంక్‌స్కేప్ దాన్ని నమ్మి అమలు చేసింది, ఆ ముసాయిదా ప్రమాణం కాకుండానే ఆగిపోయింది. ఫలితంగా ఎన్నో చిత్రాలలో అక్షరాల స్థానంలో ఇతర సాఫ్ట్‌వేర్లు నల్లని పెట్టెలు చూపించాయి. దిద్దేవారికి అవసరమైన ఒక సౌకర్యం గీసేవారి అంగీకారం లేకుండా ఫైల్‌లోకి వస్తే జరిగేది అదే.

5. గీయడానికే పుట్టినవి

రెండో పడవను పూర్తిగా వదిలేసిన ఫార్మాట్లూ ఉన్నాయి. హైకూ అనే ఆపరేటింగ్ సిస్టం తన చిహ్నాల కోసం హెచ్‌వీఐఎఫ్ అనే ఫార్మాట్‌ను తయారుచేసుకుంది. దానిలో ఒక చిహ్నం సాధారణంగా 500 నుంచి 700 బైట్లకు మించదు. ఈ పరిమాణం దాకా రావడానికి గీతల పేర్లు సహా గీయడానికి అక్కరలేని ప్రతిదీ తీసివేశారు. చిహ్నాలు గీసే ఐకన్-ఓ-మాటిక్ మాత్రం ఆ పేర్లను తన సొంత ఫైల్‌లో వేరుగా దాచుకుంటుంది. ఏ ఫైల్ ఎందుకన్న అస్పష్టత ఇక్కడ లేదు.

ఫ్లాష్ కూడా ఇదే దారిలో నడిచింది: రచయిత దగ్గర ఎఫ్‌ఎల్‌ఏ, ప్రేక్షకుడి దగ్గర ఎస్‌డబ్ల్యూఎఫ్. 2020 డిసెంబరు 31తో ఫ్లాష్ ప్లేయర్‌కు అడోబీ మద్దతు ముగిసినప్పుడు ఈ విభజనకు చెల్లించిన మూల్యం తెలిసింది. లోకంలో చెలామణి అయినది ఎస్‌డబ్ల్యూఎఫ్ కనుక అదే మిగిలింది. రఫుల్ వంటి సాఫ్ట్‌వేర్లు దాన్ని నేటికీ ఆడించగలుగుతున్నాయి. ఎఫ్‌ఎల్‌ఏ రచయితతోపాటే ఉండిపోయింది, కనుక చాలాచోట్ల రచయిత డిస్క్‌తోపాటే పోయింది. రెండు ఫార్మాట్లను విడదీయాలని వాదించేవారు సమాధానం చెప్పవలసిన ప్రశ్న ఇది. విడదీసిన మూలం సాధారణంగా పోతుంది.

6. సరిహద్దు ఒకటే, గీతలు రెండు

పై చర్చ అంతా సాఫ్ట్‌వేర్ నిపుణుల ఇంటి గొడవగా తోచవచ్చు. పటాల దగ్గర అది బయటపడుతుంది. 2014లో 10 జిల్లాలతో ఏర్పడిన తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాల సంఖ్య 31 అయింది, 2019లో 33కు చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాఠ్యపుస్తకాలలో, విజ్ఞానసర్వస్వాలలో, వార్తాసంస్థలలో ఉన్న పటాలన్నింటినీ ప్రతిసారీ తిరగరాయవలసి వచ్చింది.

ఎస్‌వీజీలో రంగు నింపిన ప్రతి జిల్లా మామూలుగా ఒక మూసిన గీత. రెండు పొరుగు జిల్లాల ఉమ్మడి సరిహద్దు ఒకసారి ఈ జిల్లా గీతలో, మరోసారి ఆ జిల్లా గీతలో ఉంటుంది. ఆ రెండూ ఒకే సరిహద్దు అన్న సంగతి ఫైల్‌కు తెలియదు. ఒక మండలాన్ని ఇటు నుంచి అటు మార్చాలంటే రెండు గీతలనూ విడివిడిగా, ఒకేలా సవరించాలి. చేయి కాస్త తప్పితే జిల్లాల మధ్య సందు కనిపిస్తుంది లేదా ఒకదానిపై మరొకటి ఎక్కుతుంది. చేయి తప్పకపోయినా, అంచులను నునుపు చేసి గీసేటప్పుడు ఉమ్మడి సరిహద్దు వెంట సన్నని వెలుగుచార కనిపించడం తెలిసిన విషయమే.

ఫ్లాష్ ఈ చిక్కును ఏనాడో దాటింది. దానిలో ప్రతి అంచుకూ ఎడమవైపు రంగు, కుడివైపు రంగు అని రెండు సూచనలుంటాయి. ఇద్దరు పొరుగువారి మధ్య గోడ ఒక్కటే. పటాల దత్తాంశానికి వాడే టోపోజేసన్ ఫార్మాట్ కూడా ఉమ్మడి సరిహద్దును ఒక్కసారే రాసి రెండు ప్రాంతాలకూ దాన్నే చూపుతుంది. 2016లో ఫిగ్మా ప్రవేశపెట్టిన వెక్టర్ నెట్‌వర్క్‌లలో ఒక బిందువు నుంచి ఎన్ని గీతలైనా బయలుదేరవచ్చు, కానీ ఎస్‌వీజీలోకి ఎగుమతి చేయగానే ఆ అల్లిక విడివిడి గీతలుగా విడిపోతుంది. చిత్రణకు గానీ సవరణకు గానీ ఉమ్మడి అంచే మేలైన చోట, ఎస్‌వీజీ రెండింటికీ పనికిరాని మార్గాన్ని ఎంచుకుందన్న విమర్శ తప్పించుకోలేనిది.

7. అక్షరమా, అక్షరంలా కనిపించే గీతా?

తెలుగు పాఠకులకు మరింత దగ్గరి సంగతి అక్షరం. పెళ్లిపత్రికైనా ఫ్లెక్సీ అయినా డీటీపీ కేంద్రంలో తయారై ప్రెస్సుకు వెళ్లేముందు అక్షరాలన్నింటినీ కర్వ్స్‌గా మార్చడం సాధారణ ఆచారం. ప్రెస్సు యంత్రంలో ఆ ఫాంట్ లేకపోయినా అక్షరం చెదరకూడదన్నది దాని వెనుక ఉన్న జాగ్రత్త. ఆ జాగ్రత్తలో న్యాయముంది. లక్ష్మి అన్న మాటకు యూనికోడ్‌లో ఏడు సంకేతాలు. వాటిని వత్తులతో, గుణింతంతో సరైన రూపంగా కూర్చడం ఫాంట్, అక్షరాలను కూర్చే సాఫ్ట్‌వేర్ కలిసి చేసే పని. అవి మారితే రూపం మారుతుంది, పంక్తి పొడవు మారుతుంది, పెట్టె దాటిపోతుంది. కర్వ్స్‌గా మార్చాక ఆ బెంగ లేదు. దానితోపాటు మాట కూడా లేదు. ముహూర్తం వేళ మారితే దిద్దడానికి వీలుండదు, వెతికితే దొరకదు, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అక్కడ ఖాళీ తప్ప మరేమీ వినిపించదు.

యూనికోడ్‌కు ముందుకాలపు తెలుగు ఫాంట్ల పరిస్థితి ఇంకా విచిత్రం. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు అక్షరాల ముక్కలను కూర్చి తయారుచేసినవి అవి. వాటితో కూర్చిన ఫైల్ చూడడానికి సవరించదగిన అక్షరాల ఫైలే. నిజానికి అందులో ఉన్నది తలకట్టు ఇక్కడ, వత్తు అక్కడ అన్న గీత సూచనలే. సవరణ ఫార్మాట్ వేషం వేసుకున్న చిత్రణ ఫార్మాట్ అది. దశాబ్దాల తెలుగు ముద్రణ ఈ వేషంలోనే నిలిచి ఉంది.

పీడీఎఫ్ మధ్యేమార్గం పట్టింది. గీయవలసిన అక్షరరూపాలను ఫైల్‌లోనే ఉంచి, ఏ రూపం ఏ యూనికోడ్ సంకేతానికి చెందుతుందో ఒక పట్టికను జత చేస్తుంది. లాటిన్ లిపికి ఇది చాలావరకు సరిపోయింది. తెలుగులో రూపాల వరుస, సంకేతాల వరుస ఒకటి కావు. స్త్రీ అన్న మాటలో ఈకారం చివరి సంకేతం. గీసేటప్పుడు మాత్రం అది సకారంతో కలిసి ముందే వస్తుంది, త వత్తు, ర వత్తు ఆ తర్వాత వస్తాయి. పట్టికను రూపం తర్వాత రూపంగా చదివితే సీ్త్ర అన్న వికృతపాఠం తేలుతుంది. తెలుగు పీడీఎఫ్ నుంచి వాక్యాన్ని నకలు తీసిన ప్రతి పరిశోధకుడికీ ఇది పరిచితమే. ఒక పదానికి అసలు పాఠం ఇదీ అని విడిగా చెప్పే సౌకర్యం పీడీఎఫ్ ప్రమాణంలో ఉంది, దాన్ని వాడకుండా తయారైన ఫైళ్లే చేతికి వస్తుంటాయి. ఫార్మాట్‌లో మూలానికి చోటు ఉండడం ఒక ఎత్తు, మూలం లేకపోతే ఫైల్ అసంపూర్ణమని ఫార్మాట్ పట్టుబట్టడం ఇంకో ఎత్తు.

వికీమీడియా కామన్స్‌లోని ఎస్‌వీజీ రేఖాచిత్రాలు దీనికి మంచి పక్షాన ఉన్న ఉదాహరణ. ఒకే చిత్రంలో ఒక్కో భాషకు ఒక్కో పాఠాన్ని ఉంచి, చూసేవారి భాషను బట్టి ఎంచుకునే ఏర్పాటు ఎస్‌వీజీలో ఉంది. అనువాదకులు దానిని వాడి ఇతర భాషల పాఠాలు చేర్చగలుగుతున్నారు. గుండె నిర్మాణాన్ని చూపే చిత్రంలో పేర్లు అక్షరాలుగా ఉంటే తెలుగు వికీపీడియాకు అది కొన్ని నిమిషాల పని. ఆ పేర్లను కర్వ్స్‌గా మార్చి ఉంటే చెరిపి మళ్లీ రాయాలి.

8. మూలం, ఫలితం, వాటి మధ్య దిశ

ఒకే ఫార్మాట్‌తో రెండు పనులూ చేయించాలన్న ఆశ ఎస్‌వీజీని అటూ ఇటూ కాకుండా చేసింది. రెండు ఫైళ్లుగా విడదీస్తే ఫ్లాష్‌కు పట్టిన గతి పడుతుంది. ఈ రెండింటి నడుమ మార్గం రాస్టర్ చిత్రాల లోకంలో ఇప్పటికే ఉంది. పొరలున్న చిత్రాల కోసం రూపొందిన ఓపెన్‌రాస్టర్ ఫైల్ నిజానికి ఒక జిప్ పెట్టె. అందులో పొరలు, వాటి అమరికను చెప్పే ఎక్స్‌ఎంఎల్, వాటితోపాటు పొరలన్నీ కలిపి గీసిన ఒక పూర్తి చిత్రం ఉంటాయి. పొరలు కలపడం చేతకాని సాఫ్ట్‌వేర్ ఆ పూర్తి చిత్రాన్ని చూపిస్తే చాలు. దిద్దే సాఫ్ట్‌వేర్ పొరలను తెరుస్తుంది. ఆ పూర్తి చిత్రం పొరల నుంచి పుట్టిన ఫలితమన్న విషయంలో సందిగ్ధం లేదు.

ఇలస్ట్రేటర్ పద్ధతికీ దీనికీ పైపై పోలిక ఉంది. తేడా పెట్టెలో ఎన్ని వస్తువులున్నాయన్న దానిలో లేదు, ఏది దేని నుంచి వచ్చిందో అందరికీ తెలిసేలా రాసి ఉందా లేదా అన్న దానిలో ఉంది. వెక్టర్ చిత్రాలకు ఇటువంటి ఏర్పాటు చేస్తే గీసే భాగం హెచ్‌వీఐఎఫ్ అంత పొదుపుగా ఉండవచ్చు, దిద్దే భాగం స్కెచ్‌ప్యాడ్ అంత ఉదారంగా ఉండవచ్చు. గీసే భాగం ఏ మూలం నుంచి లెక్కించినదో తెలిపే ఒక సరిచూపు సంఖ్య ఉంటే, మూలం మారి ఫలితం మారకపోయినా, ఫలితాన్ని ఎవరైనా నేరుగా మార్చినా తెరిచిన వెంటనే తెలిసిపోతుంది. ఇంక్‌స్కేప్ నక్షత్రానికి ఈరోజు లేనిది ఆ ఒక్క సంఖ్యే. ఫైల్ పరిమాణం పెరుగుతుందన్న అభ్యంతరం వస్తుంది. వెబ్ పుటకు పంపేటప్పుడు మూలాన్ని విడదీసి పంపవచ్చు, గ్రంథాలయంలో, ప్రెస్సులో, సర్వే కార్యాలయంలో దాచే ప్రతి నుంచి మాత్రం విడదీయకూడదు. 33 జిల్లాల పటాన్ని దాచేచోట కొన్ని వందల కిలోబైట్లు ఆదా చేసి, తర్వాతి పునర్విభజన నాడు సరిహద్దులన్నీ చేత్తో గీసుకోవడం ఏ లెక్కన చూసినా పొదుపు కాదు.